అప్రస్తుత ప్రసంగానికి తొంభై సెకన్లు

మొదటి రోజు

క్రమశిక్షణ సంఘం వారికి.

ముప్పై రోజులు సూచిక విభాగంలో పనిచేసి, ఏ రోజు ఏం నేర్చుకున్నానో ఈ దినచర్యలో రాయాలని తీర్పు ఇచ్చారు. రాస్తాను. ఏం రాయాలో చెప్పారు గాని ఎవరి పక్షాన రాయాలో చెప్పలేదు. ఆ ఖాళీని నేను వాడుకుంటున్నాను.

ముందు నేరం సంగతి. గత నెల నలభై ఏడో ఛానెల్లో, అంటే మన విశ్వవిద్యాలయం ఛానెల్లో, ప్రత్యక్షంగా ప్రసారమైన చర్చకు విషయం: 'సమయపాలన సద్గుణమేనా?' నేను కాదన్న పక్షం. ఏడు గంటల యాభై తొమ్మిది నిమిషాలకు ముగియవలసిన నా ప్రతివాదం ఎనిమిదీ పదమూడుకు ముగిసింది. తీర్పరులు నన్నే గెలిపించారు. కానీ ఎనిమిదింటికి కార్యక్రమాల సూచికలో 'వంట' అని ఉంది. నేను ఆపేదాకా వంట మొదలవలేదు. వంట మొదలయ్యేదాకా, అంతస్తులుగా కట్టిన ఈ ఊరి నాలుగో అంచెలో ఒక్క పొయ్యికీ కరెంటు రాలేదు. రెండువేల నూరు ఇళ్ళలో అన్నం పద్నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. మీరు దీన్ని అపరాధం అన్నారు. నేను దృష్టాంతం అంటాను. సమయపాలన మనుషులను ఎంత నిస్సహాయులను చేస్తుందో ఇంతకంటే బాగా నిరూపించినవారు ఈ కొత్తరేవులో లేరు.

ఇది రాస్తూ ఉండగానే హాస్టల్లో నా ఫ్యాను ఆగింది. మా రెండో అంచెకు ఈ గంట వంతు వచ్చిన ఛానెల్లో భక్తి కార్యక్రమం మొదలైంది. కార్యక్రమాన్ని బట్టి కరెంటు ఇచ్చే ఇంటి పెట్టె భక్తికి ఒక్క దీపం తప్ప మరేమీ ఇవ్వదు. చెమటతో సంతకం చేస్తున్నాను: ఉప్పులూరి మేధిని, తర్కశాస్త్రం, రెండో సంవత్సరం.

మూడో రోజు

సూచిక విభాగం అంటే రెండు గదులు. ఒక గదిలో గంటి అమ్మాజీ గారు ఉంటారు. ఇరవై ఆరేళ్ళుగా కొత్తరేవు ఛానెళ్ళన్నింటి సూచిక రాస్తున్నది ఆవిడే. రెండో గదిలో తనిఖీ యంత్రం ఉంటుంది. ఇక్కడ దాని పేరు అత్తగారు. ఏం చేసిపెట్టినా తప్పు పడుతుందని.

ప్రతి కార్యక్రమానికీ పేరు, రకం, మొదలు, నిడివి, ఎవరు చూడవచ్చు, నూట అరవై అక్షరాలకు మించని వివరణ రాయాలి. ఇంటి పెట్టె ఆ రకాన్ని చూసి కరెంటు పంచుతుంది. వంటకు పొయ్యి. కుస్తీకి ఫ్యాను. విరామానికి నీళ్ళ మోటారు. సముద్రం ఆటుపోట్లు ఇచ్చే కరెంటు అంతే, అన్నీ ఒకేసారి తిరగవు. సూత్రం ఒక్కటే: సూచికలో ఉన్నది ప్రసారం కావాలి, ప్రసారమైనది సూచికలో ఉండాలి. తేడా వస్తే ఆ ఛానెల్‌కు ఎర్రచుక్క పడుతుంది.

ఇవాళ ఒక సీరియల్‌కు వివరణ రాయమన్నారు. 'సత్యాన్వేషణలో స్త్రీ నిర్ణయాత్మక ప్రస్థానం' అని మొదలుపెట్టాను. సగం కాకముందే హద్దు దాటిందని అత్తగారు తిప్పికొట్టింది. కారణం తవ్వితే బయటపడింది. ప్రమాణం అనే సూచిక నియమాల పుస్తకం రాసిన మహానుభావులు హల్లును ఒకటిగా, పొల్లును ఒకటిగా, గుడిని ఒకటిగా లెక్కపెట్టారు. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. అత్తగారికి ఆరు. తెలుగులో ఒత్తు పెట్టినందుకు ఇంత శిక్ష విధించే చట్టాన్ని వివక్ష అనక ఏమనాలి? ఈ మాటే అరగంట వాదించాను. అమ్మాజీ గారు వింటూనే నా వాక్యాన్ని కొట్టేసి పక్కన రాశారు: 'నిజం కోసం బయలుదేరిన ఆడపడుచు కథ.'

ఒక్క ఒత్తు లేదు. పైగా నా వాక్యం కంటే బాగుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పలేదు.

నాలుగో రోజు

ఒత్తుల వివక్ష మీద పదకొండు పుటల ఫిర్యాదు రాశాను. ఫిర్యాదుల పెట్టె నాలుగువందల అక్షరాలకు మించి తీసుకోదట.

ఆరో రోజు

నలభై ఏడో ఛానెల్ నిర్వాహకుడు మస్తాన్ వలీ వచ్చాడు. ఆ చర్చలో సమయపాలన సద్గుణమే అన్న పక్షం అతనిది. ఓడిపోయింది అతనే, ఇప్పుడు నా వల్ల ఛానెల్ పోగొట్టుకోబోతున్నదీ అతనే. ఇంతకంటే మంచి దృష్టాంతం కావాలా అని అడిగాడు. అంగీకరించలేదు గాని నోట్ చేసుకున్నాను.

పరిస్థితి ఇది. మా ఛానెల్‌కు ఇప్పటికే మూడు ఎర్రచుక్కలు. ఒకటి మస్తాన్ క్విజ్ ఆరు నిమిషాలు ముందే అయిపోయినందుకు. ఒకటి 'వాన రాదు' అని వివరణ రాసిన ఆరుబయట కచేరీలో వాన పడినందుకు. మూడోది నాది. నాలుగోది పడితే నలభై ఏడో నంబరు తీసుకెళ్ళి ఊరగాయల ఛానెల్‌కు ఇస్తారు. అది రోజంతా రికార్డు చేసిన ఊరగాయే చూపిస్తుంది, దానికి ఎన్నడూ చుక్క పడదు. కొత్తరేవులో మనిషి నిలబడి అప్పటికప్పుడు మాట్లాడగలిగిన ఛానెల్ మాదొక్కటే. అది పోతే ఈ ఊళ్ళో ఇక ఎవరూ ఎవరినీ ప్రత్యక్షంగా కాదనలేరు.

పోనీ నెల రోజులు నోరు మూసుకుని పాత టేపులు వేసుకుందామా అంటే అదీ కుదరదు. నెలకు ఒక్క ప్రత్యక్ష ప్రసారమైనా చేయకపోతే నంబరు అలాగే పోతుంది. నా పద్నాలుగు నిమిషాల తరువాత ప్రత్యక్షం అంటే ఆచార్యులందరికీ ఒకేసారి గొంతు నొప్పి వచ్చింది. గడువు నా శిక్షలో ఇరవై తొమ్మిదో రోజు.

ఇంకో సంగతి కూడా మస్తాన్ చెప్పాడు. నాలుగో అంచెకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వంతు మా ఛానెల్‌దే. మా చర్చల్లో ప్రకటనలు ఉండవు. ప్రకటనలు లేకపోతే విరామాలు లేవు, విరామాలు లేకపోతే మోటారు తిరగదు. ఆ రెండు గంటలూ ఆ అంచెలో చుక్క నీరు ఎక్కదు. మన మేధావిత్వాన్ని ఆ జనం ఇన్నేళ్ళుగా ఖాళీ బిందెల పక్కన కూర్చుని వింటున్నారన్నమాట. క్రమశిక్షణ సంఘం వారికి ఈ విషయం తెలుసా?

ఎనిమిదో రోజు

ఒకాయన దరఖాస్తు పట్టుకుని వచ్చారు. పేరు కోరాడ అప్పలస్వామి. నాలుగో అంచె లిఫ్టుల మెకానిక్. వయసు యాభై ఎనిమిది. చేతికి గ్రీజు ఉందని కాగితాన్ని మోచేతుల మధ్య పట్టుకున్నారు. అష్టావధానం చేస్తానని పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ అడుగుతున్నారు, 'రకం పట్టికలో లేదు' అని ప్రతి ఏడూ తిప్పి పంపుతున్నారు. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు వేస్తుంటే, ఏదీ రాసుకోకుండా, అందరికీ పద్యాల్లో జవాబు చెప్పి, చివర అన్నీ ఒప్పజెప్పడం ఆయన చేస్తానంటున్న పని.

సాధన ఎక్కడ చేస్తారని అడిగాను.

"లిఫ్టు గోతిలోనమ్మా. పైన గంటలు కొడతానే ఉంటాయి, కింద నాను పద్దెం కట్టుకుంటాను. గంటలు లెక్కెట్టడం కూడా అవదానంలో ఒక పనే కదా."

ప్రత్యక్షానికి సిద్ధపడిన మనిషి ఊరు మొత్తంలో ఈయన ఒక్కరే. మస్తాన్ అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. అమ్మాజీ గారు కళ్ళజోడు తుడుచుకుని, రకాల పట్టిక ముందు వేసుకున్నారు.

తొమ్మిదో రోజు

సాహిత్యం అని రాస్తే బడి పిల్లల పాఠం అనుకుని పెట్టె బల్లదీపం తప్ప ఏమీ వెలిగించదు. 'ఇతరములు' అని రాస్తే అసలు తెరే తెరవదు. కుస్తీ అని రాద్దామని నేను ప్రతిపాదించాను, ఎనిమిది మంది ఒకరి మీద పడడమే కదా అని. అమ్మాజీ గారు ఒప్పుకోలేదు.

"ఇరవై ఆరేళ్ళలో ఒక్క అబద్ధం రాయలేదమ్మాయ్. సీరియల్లో చచ్చిపోయినవాడు మళ్ళీ లేచొస్తాడని నాకు ముందే తెలిసినా, చచ్చిపోయాడని రాయలేదు. కనిపించలేదని రాశాను."

చివరికి 'ఆట' అని ఖాయం చేశాం. రెండు దీపాలు, ఒక ఫ్యాను. అప్పలస్వామి గారిని అడిగితే, ఆటే కదా అన్నారు. పేరు 'అష్టావధానం'. మనకు ఐదు అక్షరాలు, అత్తగారికి పది. ఒప్పుకుంది. ఇంత సులువుగా ఒప్పుకోవడం నాకు అనుమానం కలిగించింది.

పన్నెండో రోజు

అనుమానం నిజమైంది. గంటకు మించిన కార్యక్రమానికి లోపలి భాగాల పేర్లు కూడా విడివిడిగా రాయాలట. అక్షరాలు నిషేధించే నిషిద్ధాక్షరి దాటింది. సమస్య దాటింది. ఘంటాగణనం దాటింది. ఎనిమిదో భాగం దగ్గర అత్తగారు ఆగిపోయింది.

ఎనిమిదో పృచ్ఛకుడి పని మిగతా ఏడుగురిలా పద్యమో లెక్కో అడగడం కాదు. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడం. పద్యం గొంతులో ఉండగా అడ్డం వచ్చి, దోసెకు చట్నీ ఎందుకు స్వామీ అని అడగడం. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. సూచికలో ఏది నడుస్తున్నదో పెట్టెకు చెప్పడానికి 'ప్రస్తుతం', తరువాతి దానికి 'తరువాత' అని గుర్తులు ఉంటాయి. 'అప్రస్తుత' అన్న మాట చూడగానే అత్తగారు ఇలా అచ్చు వేసింది:

'ఈ కార్యక్రమం ప్రస్తుతం జరగడం లేదు. తెర మూసివేయబడును.'

జరుగుతున్నదాన్ని జరగడం లేదని చెప్పే యంత్రంతో ఎలా వాదించాలి? నాలుగు గంటలు వాదించాను. విజయం సాధించానని చెప్పలేను.

పదిహేనో రోజు

మూడు రోజులుగా పేర్లు మారుస్తున్నాం. 'సంబంధం లేని మాటలు' అని రాస్తే 'సంబంధం' పట్టుకుని, పెళ్ళిచూపుల కార్యక్రమం కింద చేర్చి, వధూవరుల వయసు అడిగింది. 'కొంటె ప్రశ్నలు' అంటే పద్దెనిమిదేళ్ళు దాటినవారికే అంది. 'అడ్డు మాటలు' అంటే ఇంకా ఘోరం. 'అడ్డు' అంటే ఆటంకం అనుకుని, పరీక్ష తెర మీద 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని పూలకుండీ బొమ్మ పెట్టేసింది. ఆ బొమ్మను చూసి అమ్మాజీ గారు నవ్వడం మొదలుపెట్టి కాసేపు ఆపలేకపోయారు. ఇరవై ఆరేళ్ళ కిందట ఆవిడ గీసిన బొమ్మేనట అది.

ఆ ఒక్క భాగాన్నీ వదిలేద్దామన్నాడు మస్తాన్. అమ్మాజీ గారు కుదరదన్నారు, ప్రసారమయ్యేది సూచికలో లేకపోతే చుక్కే. అయితే ఆ ఒక్క పృచ్ఛకుణ్ణి రావద్దందామన్నాడు. అప్పుడు అప్పలస్వామి గారు, అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మనిషి, నెమ్మదిగా అన్నారు:

"ఏడుగురే అయితే అది అష్టావదానం అవదు బాబూ. పేరు అబద్దం అయిపోద్ది. పదకొండేళ్ళు ఆగినాను, అబద్దానికి కాదు."

అమ్మాజీ గారు ఆయన వైపు చూసిన చూపులో మర్యాద ఉంది. ఈ గదిలో ఆవిడ కంటే పట్టుదల గల మనిషి దొరకడం ఆవిడకు అలవాటు లేదు.

పదిహేడో రోజు

ప్రమాణం మొత్తం చదివాను. నాలుగవ ముద్రణ, మూడువందల ఎనభై పుటలు, అనుబంధాలు వేరు. ఈ ఊళ్ళో అందరూ దాన్ని పాటిస్తారు, ఎవరూ చదవలేదు. ఇది మన సమాజం గురించి నేను చేస్తున్న అతి తీవ్రమైన ఆరోపణ. సంఘం వారు దీన్ని రికార్డు చేసుకోవాలి.

రెండువందల పన్నెండో పుటలో దొరికింది.

పద్దెనిమిదో రోజు

అమ్మాజీ గారి ముందు ప్రమాణం తెరిచి నిర్వచనం పైకి చదివాను:

'విరామం అనగా, ప్రధాన కార్యక్రమపు ధారతో సంబంధము లేనిదియు, ఆరంభ సమయము ముందుగా నిర్ణయింప వీలు లేనిదియు, ముగిసిన వెంటనే ప్రధాన ధార యథాస్థానము నుండి కొనసాగునదియు అగు భాగము.'

తరువాత ఒక్కొక్క షరతే అడిగాను. అప్రస్తుత ప్రసంగానికి పద్యధారతో సంబంధం ఉందా? లేదు. ఎప్పుడు వస్తుందో ముందుగా తెలుసా? తెలిస్తే అది అప్రస్తుతమే కాదు. అది అయిపోయాక అవధాని పద్యాన్ని ఎక్కడ ఆపారో అక్కడి నుంచే అందుకుంటారా? అందుకోలేనివాడు అవధానే కాదు. కాబట్టి అప్రస్తుత ప్రసంగం అనేది, ఏ అబద్ధమూ లేకుండా, ప్రమాణం మాటల్లోనే, విరామం. దానికి పేరు రాయనక్కరలేదు. ఆరంభం రాయనక్కరలేదు. 'విరామాలు ఉండును' అన్న ఒక్క గడి నింపితే చాలు.

అమ్మాజీ గారు ఆ పుటను మూడుసార్లు చదువుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఇది సబ్బుల ప్రకటనల గురించి రాశారనుకున్నానమ్మాయ్," అన్నారు చివరికి. "అవధానం గురించి రాసి, చెప్పడం మర్చిపోయారన్నమాట."

గడి నింపారు. అత్తగారు చాలాసేపు గుర్రుమంది. తరువాత పచ్చదీపం వెలిగించింది. నా జీవితంలో ఇంతవరకూ ఏ తీర్పరీ నాకు ఇంత ఆలస్యంగా మార్కులు వేయలేదు.

పంతొమ్మిదో రోజు

విజయోత్సాహంలో తరువాతి పుట చదవలేదు. అమ్మాజీ గారు చదివారు. ఒక్కో విరామం తొంభై సెకన్లకు మించరాదు. మించితే చుక్క.

అంటే అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డం వచ్చి, ప్రశ్న వేసి, అవధాని చేత జవాబు చెప్పించుకుని, తొంభై సెకన్లలో నోరు మూసుకోవాలి. అదీ పదిసార్లు. పుస్తకం మూసి, ఎవరిని పెడదామని మస్తాన్‌ను అడిగాను. అతను పెన్ను మూత పెడుతూ తీయగా అన్నాడు:

"సందర్భం లేకుండా మాట్లాడడానికి నీకంటే అర్హులు ఈ క్యాంపస్‌లో ఎవరున్నారు చెప్పు? ఇబ్బందల్లా ఆపడం దగ్గరే."

ఇరవై మూడో రోజు

సాధన. మొదటి ప్రయత్నం నాలుగు నిమిషాల ఏడు సెకన్లు. రెండోది మూడు నిమిషాల యాభై. ప్రశ్న వేయడానికి నాకు పది సెకన్లు చాలు. మిగతాదంతా జవాబుకు నేను చెప్పే ప్రతివాదం. అప్పలస్వామి గారు ఏదో ఒకటి అంటారు, దానిలో తార్కిక దోషం ఉంటుంది, ఉన్నదాన్ని చూపించకుండా వదిలేయడం నాకు చేతకాదు. మస్తాన్ స్టాప్‌వాచీ నా కళ్ళ ముందు ఊపుతూ కూర్చుంటాడు.

సాయంత్రం అమ్మాజీ గారు నన్ను పక్కకు పిలిచారు. సూచిక రాయడం మొదలుపెట్టిన ఏడాదిలో తనకూ ఏ వివరణా హద్దులో ఇమిడేది కాదని చెప్పారు. తరువాత తెలిసిందట, హద్దు మాటలకు కాదని, తనకని. తను అక్కడ లేకపోయినా చదివేవాడికి అర్థమయ్యేలా రాస్తే అది దానంతటదే ఇమిడిందట. నేను దీనికి మూడు అభ్యంతరాలు చెప్పబోయాను. ఆవిడ అప్పటికే టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని లిఫ్టు దగ్గరకు వెళ్ళిపోయారు.

ఇరవై ఆరో రోజు

నూట ఇరవై సెకన్లు. నూట పది. నూట నాలుగు. ఈ లెక్కన నాలుగో చుక్క నేనే పెడతాను. నా గొంతుతో చర్చ గెలిచిన ఛానెల్‌ను నా గొంతుతోనే ఊరగాయలకు ఇస్తాను. ఈ వాక్యం రాయడం నాకు ఇష్టం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు

సాయంత్రం ఆరింటికి మొదలైంది. నాలుగో అంచె సభామందిరం. అప్పలస్వామి గారు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో నిషిద్ధాక్షరికి కూర్చున్నది అమ్మాజీ గారు. ఇరవై ఆరేళ్ళు యంత్రం తనకు పెట్టిన నిషేధాన్నే ఆవిడ ఆయనకు పెట్టారు: ఒక్క ఒత్తు రాకూడదు, విషయం నీళ్ళు. విషయం పేరులోనే ఒత్తు ఉందని సభ నవ్వింది. ఆయన కళ్ళు మూసుకుని మొదటి పాదం అందుకున్నారు.

అప్పుడు నేను లేచాను. పద్యానికి గ్యారంటీ ఎంతకాలం స్వామి గారూ, అని అడిగాను.

"లిఫ్టుకైతే ఏడాదమ్మా. పద్దేనికి, నువ్వు నోరెత్తనంత సేపు."

అదే క్షణంలో నేల కింద ఏదో గురగురలాడింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. నేను అడ్డం రాగానే సూచికలో విరామం గుర్తు పడింది కాబట్టి అంచెలోని రెండువేల నూరు ఇళ్ళలో మోటార్లు తిరిగాయి. ఈ సంగతి నేను ముందే ఊహించాను. ఊహించానని ఎవరికీ చెప్పలేదు. మస్తాన్ వైపు చూశాను. అతను స్టాప్‌వాచీ చూడడం మానేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వరండాల్లో జనం బిందెలతో పరుగులు పెడుతున్నారు.

యాభై రెండు సెకన్లకు కూర్చున్నాను. మోటార్లు ఆగాయి. ఎవరో స్త్రీ బయటి నుంచి కేక వేసింది, ఆ అమ్మాయిని మళ్ళీ లెగమనండి, అని.

తరువాత ఏం జరిగిందో సంఘం వారు ఊహించగలరు. నేను అడ్డం వచ్చినప్పుడల్లా సభ చప్పట్లు కొట్టింది. అవధానం చరిత్రలో అప్రస్తుత ప్రసంగి కోసం జనం అంతగా ఎదురుచూసిన సందర్భం ఇంకొకటి ఉండదు. డెబ్బై సెకన్లు. అరవై ఎనిమిది. ఎనభై ఒకటి. మధ్యలో ఘంటాగణనం అడిగితే స్వామి గారు ముప్పై ఎనిమిది అన్నారు. గంట కొట్టిన విద్యార్థి ముప్పై ఏడే కొట్టానన్నాడు.

"ఒకటి నీది కాదు నాయనా. బయట మూడో లిఫ్టు గంటది, తలుపు సరిగా పడనేదు. రేపు సూస్తాను."

ఎవరో వెళ్ళి చూసి వచ్చారు. తలుపు పడలేదు.

ఏడున్నరకు ధారణ, అంటే చెప్పినవన్నీ తిరిగి ఒప్పజెప్పడం, మొదలైంది. నిషిద్ధాక్షరి పద్యాన్ని ఆయన నాలుగు పాదాలూ ఒక్క ఊపున చదివారు:

నీరు పైకి రాగ నిలిచి చూచెను గదా
కడవలోని చేప కనులు తెరిచి
మాటలాగు వేళ మడుగులో కదిలెను
చేప తోక వోలె చినుకు పాట

అమ్మాజీ గారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఒత్తు లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

నాకు మిగిలింది ఒక్క విరామం. మూడో పాదం నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. లేచాను. నేల కింద మోటార్లు మొదలయ్యాయి. మస్తాన్ వేలు గడియారం మీద పడింది.

స్వామి గారూ, 'మాటలాగు వేళ' అన్నారు. మాటలు ఆగే వేళా, మాట లాగే వేళా? పద్యంలో రెండర్థాలు పెట్టి తప్పుకోవడం వాదం కాదు, తేల్చి చెప్పండి అన్నాను. విడగొట్టేది ఎక్కడ అన్న దాని మీద నేను ఇంకా ఏవేవో చెప్పాను. అరవై సెకన్లు. ఆయన నావైపు తిరిగారు. కళ్ళు తెరవడం రెండు గంటల్లో అదే మొదటిసారి.

"ఆగితే ఊరికి పద్దెం. లాగితే ఊరికి నీల్లు. నీకేది కావాలో నువ్వే ఇడగొట్టుకో, తల్లీ."

సభ పకపకలాడింది. నాకు ఎదురుమాట అప్పటికే తయారుగా ఉంది. ఇందులో దోషం ఉంది. పద్యమూ నీళ్ళూ ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలన్న భ్రమను ఆయన కల్పిస్తున్నారు. కానీ ఆ భ్రమను పుట్టించింది ప్రమాణం. దాన్ని ఎత్తి చూపితే, ఈ ఊరు ఎందుకిలా బతుకుతున్నదన్న ప్రశ్న దాకా నేను ఒక్క పట్టున వెళ్ళగలను. బయట బిందెలు ఇంకా నిండుతున్నాయి. వరండాలో ఎవరో, ఆపకమ్మా, అంటున్నారు. మస్తాన్ ఒక చేయి పైకెత్తాడు. ఎనభై మూడు. ఎనభై నాలుగు. నోరు తెరిచాను. అమ్మాజీ గారు నావైపు చూడలేదు. ఆవిడ తన ఒళ్ళో ఉన్న కళ్ళజోడునే చూసుకుంటున్నారు, హద్దులో ఇమిడేదేదో ఇమడనిదేదో తెలిసిన మనిషిలా.

కూర్చున్నాను.

ఎనభై ఎనిమిది సెకన్లు. మోటార్లు ఆగాయి. ఎనిమిదింటికి వంట మొదలైంది, నాలుగో అంచెలో పొయ్యిలన్నీ ఒకేసారి వెలిగాయి. ఎర్రచుక్క పడలేదు. అప్పలస్వామి గారు లేచి అందరికీ దండం పెట్టి, మూడో లిఫ్టు తలుపు చూడడానికి వెళ్ళిపోయారు. రేపటి దాకా ఆగలేకపోయినట్టున్నారు.

ముప్పయ్యో రోజు

శిక్ష పూర్తయింది. నలభై ఏడో నంబరు మాదే. నాలుగో అంచెవాళ్ళు మూడువందల సంతకాలతో ఒక అర్జీ పంపారు. సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిది దాకా ఏ కార్యక్రమమైనా వేసుకోండి, అడ్డం వచ్చే అమ్మాయి మాత్రం రోజూ ఉండాలి, అని. స్వామి గారి అవధానం నెలకొకటి అని మస్తాన్ ఖాయం చేశాడు. వచ్చే నెల పట్టిక అమ్మాజీ గారు నాచేతనే నింపించారు. ఒక గడి మాత్రం తనే నింపారు. నలభై ఏడో ఛానెల్, సాయంత్రం ఆరు, రకం: విరామం. నిర్వహణ: ఉప్పులూరి మేధిని.

ఆగలేదని మీరు శిక్షించిన మనిషిని సూచికలో విరామం అని నమోదు చేశారు. అత్తగారు అభ్యంతరం చెప్పలేదు.

నిన్న నేను మింగిన ఎదురుమాట గురించి సంఘం వారు అడుగుతారని తెలుసు. ఇక్కడ రాయను. మొదట రాసుకున్నప్పుడు నాలుగు నిమిషాలు వచ్చింది. నిన్నటి నుంచి దాని ఒత్తులు ఒక్కొక్కటే తీసేస్తున్నాను. ఇప్పుడు ఎనభై ఆరు సెకన్లు. దయచేసి స్వామి గారికి చెప్పకండి.